మహిళా కోటా: ఆస్తి హక్కు నుంచి సర్పంచ్ కుర్చీ దాకా

స్థానిక సంస్థల్లో మహిళా కోటా 1990లలో ఉన్నట్టుండి పుట్టలేదు. దాని వేళ్లు పాత మద్రాసు రాష్ట్రపు ఓటు చట్టాల్లో ఉన్నాయి, ఇంటి ఆస్తి పంపకాల్లోనూ ఉన్నాయి. ఆస్తి ఎవరి పేరున ఉంటే అధికారం వాళ్ల వైపే మొగ్గింది.

తిరువూరు కూడా ఉన్న నాటి కృష్ణా జిల్లాలో స్త్రీలు సంఘంగా కూడటం 1902 నాటికే మొదలైంది. ఆ ఏడు భండారు అచ్చమాంబ, ఓరుగంటి సుందరీ రత్నమాంబ కలిసి బందరులో బృందావన స్త్రీల సమాజాన్ని స్థాపించారు. బ్రిటిష్ ఇండియా రాష్ట్రాల్లో స్త్రీలకు ముందుగా ఓటు ఇచ్చింది మద్రాసే, 1921లో. అయితే ఆ ఓటుకు ఆస్తి, పన్ను అర్హతలు అడ్డుపడ్డాయి. తన పేరున సెంటు భూమి లేని స్త్రీకి ఆ హక్కు వల్ల ఒరిగిందేమీ లేదు. 1935 నాటి భారత ప్రభుత్వ చట్టం ఈ ఇబ్బందిని తీర్చిన తీరు గమనించదగ్గది. భర్తకున్న ఆస్తి అర్హతతో భార్యకు ఓటు దక్కింది. అదే చట్టం మద్రాసు శాసనసభలోని 215 స్థానాల్లో 8 స్త్రీలకు కేటాయించింది. కోటాకు తొలి రూపం ఇదే. స్వతంత్ర భారత రాజ్యాంగం ఓటును ఆస్తి నుంచి విడదీసి వయోజనులందరికీ ఇచ్చింది, మహిళలకు కేటాయింపు మాత్రం ఉంచలేదు.

ఆ తరువాత పాతికేళ్లకు పైగా కోఆప్షన్ పద్ధతి నడిచింది. పంచాయతీ సమితుల్లో ఇద్దరు మహిళలను చేర్చుకోవాలని బల్వంతరాయ్ మెహతా కమిటీ 1957లో సూచించింది. ఎన్నికతో పనిలేకుండా వచ్చిన ఆ సభ్యత్వానికి జనం మద్దతు అనే బలం లేదు.

అసలు మలుపు 1985–86లో వచ్చింది. ఎన్.టి. రామారావు ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, పిత్రార్జితంలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు కల్పించింది. అది 1985 సెప్టెంబరు 5 నుంచి అమలు. అంతకుముందే పెళ్లయిన కూతుళ్లకు అది వర్తించలేదు. ఒకే ఇంట్లో అక్కకు లేని వాటా చెల్లెలికి దక్కిన కుటుంబాలు ఎన్నో. దేశమంతటికీ ఇలాంటి హక్కు రావడానికి 2005 దాకా ఆగాల్సి వచ్చింది. అదే ప్రభుత్వం తెచ్చిన 1986 మండల ప్రజా పరిషత్తుల చట్టం అధ్యక్ష పదవుల్లో 9 శాతం మహిళలకు కేటాయించింది. ఇంట్లో వాటా, ఊళ్లో పదవి ఏడాది తేడాతో రావడాన్ని కాకతాళీయంగా చూడకూడదు. అయితే వాటా కాగితం మీద ఉన్నంత మాత్రాన చేతికి రాదు. కట్నంతోనో, పసుపు కుంకుమ కింద ఇచ్చిన పొలంతోనో ఆడపిల్ల లెక్క తీరిపోయిందనుకోవడం, అన్నదమ్ముల పేరున హక్కు విడుదల దస్తావేజు రాయించుకోవడం ఈనాటికీ ఉన్నాయి.

73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చింది. దాన్ని అనుసరించి 1994లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం మూడో వంతు స్థానాలను మహిళలకు కేటాయించింది. ఎస్సీ, ఎస్టీలకు కేటాయించిన సీట్లలోనూ మూడో వంతు మహిళలదే. తిరువూరు నియోజకవర్గంలోని ఎ.కొండూరు మండలం తండాల లంబాడీ స్త్రీకి పంచాయతీ ఆఫీసులో కుర్చీ దక్కే దారి అలా తెరుచుకుంది. సంతకం సర్పంచ్‌ది, నిర్ణయం ఆమె భర్తది అన్న పరిస్థితి కూడా ఆనాటి నుంచే ఉంది. పేరున పొలం లేని, విడిగా డబ్బు లేని మనిషిని ఒక్క పదవి స్వతంత్రురాలిని చేయలేదు. ఆమెలో సామర్థ్యం లేదనడం అన్యాయం. ఇదే చట్టంలోని ఇద్దరు పిల్లల నిబంధన మరో దెబ్బ. మూడో బిడ్డ విషయంలో ఇంట్లో తన మాట చెల్లని స్త్రీ కూడా పోటీకి అనర్హురాలయింది. ఆ నిబంధనను 2024లో రద్దు చేశారు.

ఈ లోగా డ్వాక్రా సంఘాలు పొదుపు పుస్తకం, బ్యాంకు లావాదేవీ, నలుగురిలో మాట్లాడే అలవాటు ఇచ్చాయి. కోటా చేయలేని పనిని అవి కొంత చేశాయి. 2013 పంచాయతీ ఎన్నికల నాటికి మహిళల కోటా సగానికి పెరిగింది. ఉమ్మడి కృష్ణా జిల్లా పరిషత్‌కు 2014లో గద్దె అనూరాధ, 2021లో ఉప్పాల హారిక అధ్యక్షులయ్యారు.

శాసనసభలో మాత్రం కోటా లేదు. తిరువూరు, విస్సన్నపేట, గంపలగూడెం, ఎ.కొండూరు మండలాలున్న తిరువూరు ఎస్సీ నియోజకవర్గం నుంచి 2009లో దిరిశం పద్మజ్యోతి కాంగ్రెస్ అభ్యర్థిగా గెలిచారు. 2014, 2019, 2024 ఎన్నికల్లో అక్కడ గెలిచింది పురుషులే. 2023లో ఆమోదం పొందిన 106వ సవరణ లోక్‌సభలో, శాసనసభల్లో మూడో వంతు స్థానాలను మహిళలకు కేటాయిస్తుంది. ఎస్సీ స్థానాల్లోనూ మూడో వంతు వాళ్లదే. అయితే దాని అమలును జనగణనకు, ఆపై జరిగే నియోజకవర్గాల పునర్విభజనకు ముడిపెట్టారు. తిరువూరు ఆ మూడో వంతులో పడుతుందా లేదా అన్నది ఆ పునర్విభజనతోనే తేలుతుంది.