పది మంది పిల్లల నిబంధన: వలస కుటుంబాల బహుభాషా విద్యలో విధానం, నిధులు

వ్యాస సంగ్రహం: పనికోసం దేశాలు, రాష్ట్రాలు దాటే కుటుంబాల పిల్లలకు మాతృభాషలో చదువు చెప్పించే బాధ్యత ఎవరిది? ఆ ఖర్చు ఎవరు భరించాలి? ఈ ప్రశ్నలకు మలయా, మారిషస్ తెలుగువారి చరిత్ర రెండు భిన్నమైన సమాధానాలు ఇస్తుంది. ఆ రెండింటినీ పోల్చి, పశ్చిమ ప్రకాశం వలస కుటుంబాల పిల్లల చదువుకు వాటి ప్రాసంగికతను నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: వలస, మాతృభాషా విద్య, తోట బడులు, సంఖ్యా నిబంధన, మార్కాపురం.

1. ప్రవేశిక

మార్కాపురం పలకలకు ప్రసిద్ధి. ఇక్కడి గనుల రాతితో చేసిన రాతపలకలు తరాల తరబడి తెలుగునేల లోపలా వెలుపలా బడిపిల్లల చేతికి అందాయి. అదే ప్రాంతం వలసలకూ పేరుపడింది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు కర్నూలు జిల్లా నుంచి వచ్చి చేరిన మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు వర్షాభావానికి లోనైన మెట్టభూములు. ఇక్కడి కుటుంబాలు పనుల కాలంలో గుంటూరు మిరపచేలకు, హైదరాబాదు, బెంగళూరు నిర్మాణ పనులకు తరలివెళ్లడం పరిపాటి. రాష్ట్రం లోపల తిరిగే పిల్లవాడికి బడి మారుతుంది. రాష్ట్రం దాటిన పిల్లవాడికి బడితోపాటు బడిభాష కూడా మారుతుంది.

ప్రవాసాంధ్ర సాహిత్య పరిశీలనలో రచయితలను, పత్రికలను, సంఘాలను లెక్కించడం అలవాటు. అయితే పాఠకులు లేనిదే పత్రిక నిలవదు, బడి లేనిదే పాఠకులు తయారుకారు. కనుక బడికి జీతమెవరు ఇచ్చారన్న ప్రశ్న కూడా సాహిత్య చరిత్రకు సంబంధించినదే.

2. మలయా: లెక్కలోకి రాని భాష

మలయా రబ్బరు, కొబ్బరి తోటలకు దక్షిణ భారతం నుంచి వెళ్లిన కూలీలలో తమిళులు అత్యధికులు, తెలుగువారు వారి తర్వాతివారు. కూలీల రాకపోకల ఖర్చుకోసం తోటల యజమానుల నుంచి రుసుము వసూలు చేసి 1907లో ఏర్పరచిన నిధికి మొదట పెట్టిన పేరే ‘తమిళ వలస నిధి’. ‘భారతీయ వలస నిధి’ అన్న పేరు తరువాత వచ్చింది. పేరు మారినా, పాలకుల ఊహలో భారతీయ కూలీ భాష తమిళమే అన్న భావన చాలాకాలం చెక్కుచెదరలేదు.

1912, 1923 సంవత్సరాల కార్మిక చట్టాలు తోట బడులకు ఆధారమయ్యాయి. బడి ఈడు పిల్లలు పది మంది ఉన్న తోటలో యజమాని బడి నడపాలన్నది వాటి సారాంశం. చూడటానికి ఇది ఉదారమైన నిబంధన. అమలులో దాని బలహీనతలు మూడు. మొదటిది, బడి భారం యజమానిపై పడింది. అందువల్ల ఖర్చు తగ్గించుకోవడానికి కూలీల వరుస ఇళ్లలోనో శిశుసంరక్షణ గదిలోనో బడి పెట్టి, కంగాణీకో గుమాస్తాకో పాఠం అప్పగించిన తోటలు ఎన్నో. రెండవది, ప్రభుత్వ సహాయం పిల్లల హాజరుతో ముడిపడింది. పాలు తీసే పనికి పిల్లలనూ తీసుకుపోయే తోటలో హాజరు ఎలా ఉంటుందో ఊహించవచ్చు. మూడవది, తెలుగు కుటుంబాలు ఒకేచోట గుంపుగా ఉన్న కొద్ది తోటల్లో తెలుగు బడులు నడిచాయి. చెదురుగా ఉన్నచోట తెలుగు పిల్లలు తమిళ బడిలోనే అక్షరాలు దిద్దారు. బడి పెట్టడానికి పిల్లలను లెక్కించారు గాని, భాషలవారీగా లెక్కించాలన్న పట్టుదల చూపలేదు.

దీని వెనుక ఆర్థిక తర్కం ఉంది. కూలీ తిరిగి స్వదేశం వెళ్లిపోయేవాడన్నది యజమాని లెక్క. 1930ల ఆరంభంలో రబ్బరు ధర పడిపోయినప్పుడు భారతీయ కూలీలను పెద్దసంఖ్యలో వెనక్కి పంపడం ఆ లెక్కకు నిదర్శనం. ఉండిపోడని అనుకున్నవాడి పిల్లల చదువుపై పెట్టుబడి పెట్టేవారెవరు?

స్వాతంత్ర్యం దగ్గరపడిన కాలంలో ఈ లోపం విధానంగా స్థిరపడింది. 1956 నాటి రజాక్ నివేదిక, ఆ తరువాత 1961 విద్యాచట్టం వేసిన దారిలో ప్రభుత్వ సహాయం పొందే ప్రాథమిక బడులలో మలయ్‌తోపాటు చీనీ, తమిళ మాధ్యమాలు నిలిచాయి. తల్లిదండ్రులలో పదిహేను మంది పిల్లలకోసం కోరితే జాతీయ పాఠశాలలో భాషాబోధన ఏర్పాటు చేయాలన్న సదుపాయమూ చీనీ, తమిళాలను ఉద్దేశించినదే. తెలుగు బడులు క్రమంగా మూతపడ్డాయి. తెలుగు బోధన సంఘం చేతికి, అంటే చందాలకు, స్వచ్ఛంద బోధకులకు చేరింది. 1981లో రెండవ ప్రపంచ తెలుగు మహాసభలు కౌలాలంపూర్‌లో జరిగేనాటికి అక్కడి తెలుగుకు వేదికలైతే ఉన్నాయి, ప్రభుత్వ నిధులతో నడిచే బడుల వ్యవస్థ లేదు.

3. మారిషస్: మార్కులకు విలువ

మారిషస్‌కు వెళ్లిన తెలుగువారు సంఖ్యలో తక్కువ. అక్కడి ఇళ్లలో వ్యవహారభాష క్రియోల్‌గా మారింది. అయినా హిందీ, ఉర్దూ, తమిళం, మరాఠీలతోపాటు తెలుగు కూడా ప్రభుత్వ ప్రాథమిక బడులలో ఐచ్ఛిక పాఠ్యాంశమైంది. బోధకుడి జీతం ప్రభుత్వానిది. 1970లో చట్టంద్వారా ఏర్పడిన మహాత్మాగాంధీ సంస్థ భారతీయ భాషల బోధనకు, ఉపాధ్యాయ శిక్షణకు పునాది వేసింది.

అక్కడ వివాదం మరోచోట తలెత్తింది. అప్పట్లో ప్రాథమిక విద్య ముగింపు పరీక్షలో ర్యాంకును బట్టి మంచి మాధ్యమిక పాఠశాలలో సీటు దొరికేది. ఆ ర్యాంకులో ఈ భాషల మార్కులను కలపాలా వద్దా? కలుపుతామని ప్రభుత్వం 1995లో ప్రకటించగా, మారిషస్ సర్వోన్నత న్యాయస్థానం ఆ నిర్ణయం చెల్లదన్నది. 1998లో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ ఆ తీర్పును తోసిపుచ్చింది. జీతం, శిక్షణ, పరీక్షలో విలువ అనే మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా బడిలో భాష అలంకారంగా మిగిలిపోతుందని ఈ వ్యాజ్యం స్పష్టం చేస్తుంది.

రెండు దేశాల పరిస్థితి ఒకటి కాదన్నది గుర్తించాలి. మారిషస్‌లో తెలుగువారు స్థిరపడిన పౌరులు, ఓటర్లు. అక్కడ తెలుగు పాఠ్యాంశమే గాని మాధ్యమం కాదు. మలయాలో వారు చిరకాలం ‘తాత్కాలికులు’. భాషకు దక్కిన నిధి భాషీయుల రాజకీయ స్థానాన్ని అనుసరించిందన్నదే ఈ పోలికలో తేలే విషయం.

4. ఎవరి ప్రయాణానికి ఏ బడి?

ఇది తెలుగువారికే పరిమితం కాదు. ఐరోపా సమాజ ఉద్యోగుల పిల్లలకోసం 1953లో లక్సెంబర్గ్‌లో మొదటి ఐరోపా పాఠశాల మొదలైంది. అధికారి పిల్లవాడు మాతృభాషా విభాగంలో చదువుకునేలా రూపొందిన ఆ వ్యవస్థకు ప్రభుత్వాల, ఉమ్మడి నిధుల అండ లభించింది. అదే ఐరోపా 1977లో వలస కార్మికుల పిల్లలకోసం జారీచేసిన ఆదేశంలో మాతృభాషా బోధనను ప్రోత్సహించాలన్నది గాని, దానిని ఆయా దేశాల పరిస్థితులకు, చట్టవ్యవస్థలకు విడిచిపెట్టింది. అమెరికాలో 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడి తల్లిదండ్రుల రుసుముతో, స్వచ్ఛంద బోధకులతో నడుస్తున్నది. చెల్లించగలవారికి ఆ మార్గముంది. కూలీ కుటుంబానికి అది లేదు.

5. స్వదేశంలో సంఖ్యా నిబంధన

మన విధానాలలోనూ సంఖ్యే ప్రమాణం. బడి మొత్తంలో నలభై మంది గాని తరగతిలో పది మంది గాని ఉంటే మాతృభాషలో బోధన ఏర్పాటు చేయాలని 1949లో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం తీర్మానించింది. 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఏ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో ఆ సదుపాయం కల్పించే ప్రయత్నం చేయాలన్నది. ఇవి ఒకచోట నివసించే అల్పసంఖ్యాకులకు పనికివస్తాయి. పని ముగియగానే మరో చోటికి మారే కుటుంబాల పిల్లలు ఏ బడిలోనూ నలభై మంది కాలేరు.

2009 విద్యాహక్కు చట్టంలో వలస కుటుంబాల పిల్లలను చేర్చుకోవలసిన బాధ్యత స్థానిక సంస్థదని 9వ సెక్షను చెబుతుంది. సాధ్యమైనంతవరకు మాతృభాషలో బోధించాలని 29వ సెక్షను చెబుతుంది. ఈ రెండు సెక్షన్లు ఒకదానినొకటి కలుసుకోవు: చేర్చుకునే చోట భాష ప్రస్తావన లేదు, భాష చెప్పేచోట వలస ప్రస్తావన లేదు. కేంద్ర, రాష్ట్రాలు 60:40 నిష్పత్తిలో భరించే సమగ్ర శిక్షలోని సీజనల్ హాస్టళ్లు పిల్లవాడిని సొంత ఊళ్లోనే ఉంచి భాషాసమస్యను తప్పిస్తాయి. అది మేలైన ఏర్పాటే. కాని తల్లిదండ్రుల వెంట బెంగళూరు వెళ్లిపోయిన పసివాడు ఆ లెక్కలో ఉండడు.

6. ముగింపు

మలయా అనుభవం నుంచి గ్రహించదగిన సూత్రం ఒకటే: బడికి నిధి కేటాయించి భాషను పేర్కొనకపోతే, ఆ నిధి అధికసంఖ్యాకుల భాషకే చేరుతుంది. కనుక వలస పిల్లల నమోదులో మాతృభాషను విధిగా చేర్చాలి. సంఖ్యా నిబంధనను బడికి గాక మండలానికో పట్టణానికో వర్తింపజేస్తే చెదురుగా ఉన్న పిల్లలు లెక్కకు వస్తారు. అప్పుడు ఒక సంచార ఉపాధ్యాయుడి జీతం సమంజసమైన ఖర్చు అవుతుంది. ఆ జీతాన్ని పంపే రాష్ట్రం, చేర్చుకునే రాష్ట్రం పంచుకోవాలి. రెండుచోట్లా నేర్చిన చదువుకు పరీక్షలో గుర్తింపు ఉండాలి. మలయా తోటల్లో తెలుగు కనబడకుండా పోవడానికి దశాబ్దాలు పట్టింది. నేటి నిర్మాణ స్థలాల్లో అందుకు ఒక బాల్యం చాలు.