జివ్వుమనే పళ్ళకు క్లినిక్ చికిత్సలు: చరిత్ర

ఎనామెల్ అరిగినా, చిగురు జారి పంటి వేరు బయటపడినా లోపలి డెంటిన్‌కు చల్లనీళ్ళు, గాలి తగిలి పన్ను జివ్వుమంటుంది. దీనికి దంతవైద్యులు క్లినిక్‌లో చేసే చికిత్సలను పోల్చేటప్పుడు ఏ మందు బలమైనదని అడగడం మామూలు. వాటి చరిత్ర చూస్తే అంతకన్నా ముఖ్యంగా అడగవలసింది, డెంటిన్‌పై వేసిన మూత నోట్లో ఎన్నాళ్ళు నిలుస్తుందని. 19వ శతాబ్దంలో సిల్వర్ నైట్రేట్ పూసేవారు. నొప్పి తగ్గినా పన్ను నల్లబడేది. మందు పంటి లోపలి పల్ప్‌కు హాని చేయకూడదని, పూస్తే నొప్పి పుట్టకూడదని, త్వరగా పనిచేయాలని, రంగు మార్చకూడదని, గుణం నిలవాలని 1935లో దంతవైద్యుడు గ్రాస్‌మన్ షరతులు పెట్టాడు. ఆ చివరి షరతు ఇప్పటికీ పూర్తిగా తీరలేదు.

నొప్పికి కారణం డెంటిన్‌లోని సన్నని నాళికల్లో ద్రవం కదలడమేనని 1900లో దంతవైద్యుడు గైసీ ఊహించాడు. 1960లలో స్వీడన్‌లో బ్రానస్ట్రోమ్ ప్రయోగాలు దానికి బలం చేకూర్చాయి. జివ్వుమనే పళ్ళలో తెరుచుకున్న నాళికలు మామూలు పళ్ళలో కన్నా సుమారు 8 రెట్లు ఎక్కువని, వాటి వ్యాసం సుమారు రెట్టింపని 1987లో పరిశోధకులు అబ్సి, ఆడీ, ఆడమ్స్ చూపారు. వ్యాసం రెట్టింపైతే ప్రవాహం 16 రెట్లవుతుంది. అందుకే నాళిక కొంత ఇరుకైనా చాలు, నొప్పి బాగా తగ్గుతుంది. ఫ్లోరైడ్ వార్నిష్ కాల్షియం ఫ్లోరైడ్ రేణువులతో, ఆక్సలేట్ మందులు స్ఫటికాలతో నాళికను ఇరుకు చేస్తాయి. గ్లూటరాల్డిహైడ్ నాళికల్లోని ద్రవంలో ఉన్న ప్రోటీన్లను గడ్డకట్టిస్తుంది. దారులు వేరైనా అన్నీ నాళికను ఇరుకు చేసేవే కనుక మొదటి రోజుల్లో ఉపశమనం దాదాపు ఒకేలా కనిపిస్తుంది. తేడా తర్వాత తెలుస్తుంది. వార్నిష్ పొర బ్రష్‌కు అరిగిపోతుంది, పుల్లటి పానీయాలకు డెంటిన్ కరిగి నాళికలు మళ్ళీ తెరుచుకుంటాయి. డెంటిన్ ముక్కపై ప్రయోగశాలలో కొలిచిన మూత ఎంత గట్టిదైనా, నోట్లోని రోజువారీ రాపిడి దానికి అసలు పరీక్ష.

1980ల నడుమ వచ్చిన లేజర్, మూత నిలకడే ముఖ్యమన్న ఈ వాదాన్ని పూర్వపక్షం చేస్తుందని కొందరంటారు. అది డెంటిన్ పైపొరను కరిగించి నాళికలను మూస్తుందనీ, తక్కువ శక్తితో వాడితే నాడి స్పందననే తగ్గిస్తుందనీ వివరిస్తారు. 2021 కాక్రేన్ సమీక్ష మాత్రం లేజర్ నొప్పిని తగ్గించవచ్చునంటూనే ఆధారాలు బలహీనమని తేల్చింది. పైగా ఈ నొప్పి విషయంలో ఉత్తుత్తి చికిత్సకు కూడా చాలామందికి ఉపశమనం కలుగుతుంది; లాలాజలంలోని ఖనిజాలు నాళికలను కొంత పూడుస్తాయి. పోలిక బృందం లేని ఫలితాలను నమ్మి ఖరీదైన యంత్రాన్ని ముందు ఎంచుకోవడం సబబు కాదు.

నిలకడే కొలమానమైతే అన్నిటికీ పంటికి అంటుకుని నిలిచే రెసిన్ పొరే వేయవచ్చు కదా? చిగురు దగ్గర పన్ను చీలికలా అరిగి గుంటపడితే గ్లాస్ అయానొమర్‌తోనో కాంపోజిట్‌తోనో పూడ్చడమే సరైనది. గుంట లేని చోట చిగురు అంచున మందపు పొర వేస్తే పాచి చేరుతుంది. అక్కడ కొద్ది నిమిషాల్లో పూసి, అవసరమైతే మళ్ళీ పూయగల వార్నిష్‌తో మొదలుపెట్టడమే మేలు. బ్రష్‌ను గట్టిగా రుద్దే అలవాటు మారకపోతే అదీ నిలవదు. చిగురు బాగా జారిన చోట వేరును కప్పే శస్త్రచికిత్స ఉంది. ఏదీ పనిచేయక నొప్పి భరించలేనప్పుడే రూట్ కెనాల్ దాకా వెళ్ళాలి.