కోపం మనిషిదా, పనిదా?



"ఆయనకు కోపం ముక్కుమీదే ఉంటుంది" అంటూంటాం. ప్రాణాలకు తెగించి పనిచేసేవాళ్ల ఇళ్లలో ఈ మాట మరీ ఎక్కువ. అది ఆ మనిషి స్వభావమని సరిపెట్టుకుంటాం. కాని పనిని ఏర్పాటు చేసే తీరులోంచి కూడా కోపం పుడుతుందని ఇంగ్లండు బొగ్గుగనుల చరిత్ర చెబుతోంది.

పూర్వం అక్కడి గనుల్లో ఇద్దరు ముగ్గురు జట్టుగా పనిచేసేవారు. జట్టులో ఎవరుండాలో వాళ్లే ఎంచుకునేవారు. తవ్వడం, ఎత్తడం, పైకప్పుకు దన్నులు పెట్టడం అన్నీ వాళ్లే చూసుకుని, కూలి పంచుకునేవారు. ఒకడు గనిలో చనిపోతే రెండోవాడు ఆ కుటుంబాన్ని ఆదుకోవడం కూడా ఉండేది.

తరువాత యంత్రాలొచ్చాయి. సుమారు 40 మంది చేసే పనిని మూడు షిఫ్టులకు విడగొట్టారు. ఒక షిఫ్టువాళ్లు బొగ్గును కోస్తారు, ఇంకొకరు కన్వేయరు జరుపుతారు, మూడోవాళ్లు బొగ్గు ఎత్తిపోస్తారు. ముందువాళ్ల లోపమంతా వెనకవాళ్ల నెత్తిన పడేది. పైన కప్పు సరిగా నిలవదు, చుట్టూ చీకటి, తన వంతు తనొక్కడే పూర్తిచేయాలి. నిలదీద్దామంటే తప్పు చేసినవాడు ఇంట్లో నిద్రపోతూంటాడు! ఇక ఆ కోపం ఎటు పోతుంది? పక్కవాడి మీదికీ, పైవాడి మీదికీ పోయేది. కొందరు పనే ఎగ్గొట్టేవారు.

టావిస్టాక్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన ఎరిక్ ట్రిస్ట్, 18 ఏళ్లు గనిలో పనిచేసిన కెన్ బామ్‌ఫర్త్ కలిసి 1951లో ఈ సంగతి బయటపెట్టారు. ఆ దశాబ్దంలోనే డర్హాం గనుల్లో రెండు రకాల జట్లను పోల్చి చూశారు. పనులు విడగొట్టినచోట గైరుహాజరు నూటికి 20. అందరూ అన్ని పనులూ మార్చుకుంటూ, కూలి సమంగా పంచుకున్నచోట అది 8 మాత్రమే. ప్రమాదాల వల్ల పోయిన పనిదినాలు కూడా సగంకంటే తక్కువే.

1953లో ఎ.కె. రైస్ ఇలాంటి పద్ధతినే మన అహ్మదాబాదు కాలికో మిల్లు మగ్గాల దగ్గర అమలు చేయిస్తే, నేత పెరిగింది, పాడయ్యే గుడ్డ తగ్గింది.

కారణం పనిలో ఉందంటే, ఆ కోపాన్ని ఇంట్లో ఆడవాళ్లు, పిల్లలు భరించాలని కాదు సుమండీ! చెయ్యెత్తడానికి ఏ షిఫ్టూ సాకు కాదు. అలాగని ఒక గ్లాసు కాఫీతోనో, నాలుగు మంచిమాటలతోనో చల్లార్చే బాధ్యత ఇల్లాలి ఒక్కదానిదీ కాదు. "ఇవాళ ఎవరి తప్పు మీ నెత్తిన పడింది?" అని మనం అడగవచ్చు. దానికొచ్చే జవాబు మాత్రం వంటింట్లో ఆగిపోకూడదు. యూనియనుకూ, యాజమాన్యానికీ చేరాలి. అక్కడ దిద్దుకోవలసినది అక్కడే దిద్దుకోవాలి.