ఉల్లేఖనల లెక్క: ఒక పుస్తకం కథ

కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన మల్లినాథసూరి మన తెలుగు నేలవాడు. మెదక్ ప్రాంతంలోని కొలిచెలమ ఆయన ఊరు. ఒక పదానికి అర్థం చెప్పినప్పుడు, అది తన సొంత మాట కాదని, ఫలానా నిఘంటువులో ఉందని ఆయన పేర్కొంటాడు. ‘ఇత్యమరః’ అంటే ‘అని అమరకోశం చెబుతోంది’ అని అర్థం. సంస్కృతం చదువుకున్నవారికి ఈ మాట బాగా పరిచయం. ఇలా ముందువారి రచనను ఆధారంగా చూపడాన్నే ఈనాడు విశ్వవిద్యాలయాల్లో సైటేషన్ అంటున్నారు. మనం ఉల్లేఖన అందాం. పూర్వులు ఉల్లేఖించారు గాని, ఎవరిని ఎన్నిసార్లు ఉల్లేఖించారో లెక్కలు కట్టుకోలేదు. ఆ లెక్క ఎప్పుడు మొదలైంది? ఒక పరిశోధకుడి కృషిని అది ఎంతవరకు తూచగలదు? ఈనాటి మన విషయం ఇదే.

ఈ కథ న్యాయస్థానాల దగ్గర మొదలవుతుంది. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో 1873లో ఫ్రాంక్ షెపర్డ్ అనే ఆయన వకీళ్ల కోసం పట్టికలు తయారుచేశాడు. ఒక పాత తీర్పును తరవాతి తీర్పులు ఎక్కడెక్కడ పేర్కొన్నాయో వాటిలో చూసుకోవచ్చు. అంతేకాదు, దాన్ని అనుసరించాయా, కొట్టివేశాయా అన్నది కూడా గుర్తులతో తెలిసేది. కొట్టివేసిన తీర్పును పట్టుకుని వాదిస్తే కేసు పోతుంది కదా!

1927లో గ్రాస్ అనే ఇంటిపేరున్న ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు, కాలేజీ గ్రంథాలయానికి ఏ పత్రికలు తెప్పించాలో తేల్చడానికి ఒక ప్రముఖ పత్రికలోని ఉల్లేఖనలను లెక్కించారు. ఆ తరవాత యూజీన్ గార్‌ఫీల్డ్ వచ్చాడు. షెపర్డ్ పట్టికల పద్ధతిని విజ్ఞాన శాస్త్రాలకు వాడవచ్చని 1955లో ఒక వ్యాసం రాశాడు. 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌ను వెలువరించాడు. సామాజిక శాస్త్రాల సూచిక 1970ల తొలి సంవత్సరాల్లో వచ్చింది. వ్యాపార నిర్వహణ, అంటే మేనేజ్‌మెంట్ పరిశోధన అందులో చేరింది. అయితే ఒకటి గమనించండి. షెపర్డ్ పట్టికలో ఉన్న ‘అనుసరించారా, కొట్టివేశారా’ అన్న గుర్తు ఈ సూచికల్లోకి రాలేదు. సంఖ్య మాత్రమే మిగిలింది.

దీనివల్ల ఏమైందో ఒక ఉదాహరణ చెబుతాను. హాలండుకు చెందిన గీర్ట్ హోఫ్‌స్టెడ్ ఐబీఎం కంపెనీలో సిబ్బంది పరిశోధన చేసేవారు. 1967 నుంచి 1973 వరకు అనేక దేశాల్లోని ఆ కంపెనీ ఉద్యోగుల నుంచి సేకరించిన లక్షకు పైగా ప్రశ్నపత్రాలను పరిశీలించి, 1980లో ‘కల్చర్స్ కాన్సిక్వెన్సెస్’ అనే పుస్తకం ప్రచురించారు. పై అధికారి అంటే ఎంత భయభక్తులు, అనిశ్చితి అంటే ఎంత బెరుకు వంటి కొలతలతో మన భారతదేశంతో సహా 40 దేశాలను పోల్చారు. మేనేజ్‌మెంట్ రంగంలో అత్యధికంగా ఉల్లేఖనలు పొందిన పుస్తకాల్లో అది ఒకటి.

2002లో బ్రెండన్ మెక్‌స్వీనీ అనే పండితుడు ఈ పుస్తకాన్ని గట్టిగా విమర్శించాడు. ఒక్క కంపెనీ ఉద్యోగులు చెప్పిన జవాబులు ఒక జాతి మొత్తానికి ఎలా చెల్లుతాయని అడిగాడు. చిత్రమేమిటంటే, ఆ విమర్శ కూడా హోఫ్‌స్టెడ్ ఖాతాలో మరొక ఉల్లేఖనగానే చేరుతుంది. మెచ్చుకున్నవాడిదీ ఒకటే, తప్పుపట్టినవాడిదీ ఒకటే. చదవకుండా, నలుగురూ పేర్కొన్నారు గదా అని పేర్కొన్నవాడిదీ ఒకటే.

2005లో జార్జ్ హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త హెచ్-ఇండెక్స్ అనే కొలత ప్రతిపాదించాడు. ఒకరి అయిదు వ్యాసాలకు వరుసగా 25, 12, 8, 5, 3 ఉల్లేఖనలు వచ్చాయనుకోండి. కనీసం నాలుగేసి ఉల్లేఖనలు పొందిన వ్యాసాలు నాలుగున్నాయి. అయిదేసి పొందినవి అయిదు లేవు. కాబట్టి ఆయన హెచ్-ఇండెక్స్ 4. ఇప్పుడు హోఫ్‌స్టెడ్ పుస్తకం వంటి ఒక్క గొప్ప రచన మాత్రమే చేసినవారి సంగతి ఆలోచించండి. దానికి వేల ఉల్లేఖనలు వచ్చినా ఈ కొలతలో వారికి దక్కేది 1 మాత్రమే.

ఎక్కడ లెక్కపెట్టారన్నది మరో చిక్కు. పాత సూచికలు ఎంపిక చేసిన పత్రికలనే చూసేవి. పుస్తకాల్లోని ఉల్లేఖనలకు ప్రత్యేక సూచిక 2011లో గాని రాలేదు. పుస్తకాలు ఎక్కువగా రాసే మేనేజ్‌మెంట్ వారికి ఇది నష్టం. 2004లో గూగుల్ స్కాలర్ వచ్చాక వల పెద్దదైంది. మేనేజ్‌మెంట్ ఆచార్యురాలు ఆన్-విల్ హార్జింగ్ 2006లో ‘పబ్లిష్ ఆర్ పెరిష్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ విడుదల చేసి, ఎవరి లెక్క వారే చూసుకునే వీలు కల్పించారు. వల పెద్దదైతే చేపలతోపాటు నాచూ వస్తుంది. ఒకే వ్యాసం రెండుసార్లు కనబడటం, ఒకే పేరున్నవారు కలిసిపోవడం వంటివి సరిచూసుకోవాలి.

ఇదంతా పండితుల గొడవ, మనకెందుకు అనుకోకండి. 2010 నాటి యూజీసీ నిబంధనలు అధ్యాపకుల పదోన్నతిలో ప్రచురణలకు పాయింట్లు ఇచ్చే పద్ధతి తెచ్చాయి. ప్రపంచ సూచికల్లో అత్యధికం ఇంగ్లీషు పత్రికలు. హోసూరు తెలుగు మీదనో, బరంపురం తెలుగువారి చరిత్ర మీదనో ఒకరు తెలుగులో మంచి పుస్తకం రాస్తే, దాన్ని మరో తెలుగు పుస్తకం ఆధారంగా తీసుకుంటే, ఆ ఉల్లేఖన వాటికి కనబడటం అరుదు. లెక్కకు రాని పని చేయడానికి యువ పరిశోధకులు వెనుకాడితే నష్టపోయేది మనమే. 2015లో వెలువడిన లైడెన్ ప్రకటన ఈ ప్రమాదాన్ని గుర్తించింది. స్థానికంగా ఉపయోగపడే పరిశోధనను కాపాడాలని, సంఖ్యలు నిపుణుల విచక్షణకు తోడుగా ఉండాలే తప్ప దాని స్థానం ఆక్రమించరాదని చెప్పింది.

అందుచేత ఎవరైనా తమ పరిశోధనకు ఇన్ని వందల ఉల్లేఖనలు వచ్చాయని చెబితే సంతోషించండి. సంతోషిస్తూనే మూడు ప్రశ్నలు అడగండి. ఏ సూచికలో లెక్కపెట్టారు? మెచ్చి పేర్కొన్నారా, విమర్శించి పేర్కొన్నారా? ఆ రంగంలో ఇతరులకు ఎన్ని వస్తాయి? ఆ తరవాత వీలుంటే ఆ రచననే తెప్పించుకుని చదవండి.