స్తంభానికి కట్టిన కాగితం

ఎసెక్స్‌లో మేం కాపురం పెట్టిన మొదటి చలికాలం. మా వీధి దీపస్తంభానికి ప్లాస్టిక్ కవరులో పెట్టి కట్టిన కాగితం ఒకటి కనిపించింది. నాలుగిళ్ల అవతల ఒకాయన ఇంటి వెనక గది వేసుకుంటాడట. అభ్యంతరాలుంటే 21 రోజుల్లో కౌన్సిల్‌కు రాయాలట. నక్షాలు ఎవరైనా చూడొచ్చట. సొంత ఇంటికి గది వేసుకోవడానికి ఊరంతా చాటింపు ఎందుకు? శంషాబాద్‌లో పుట్టిపెరిగిన నన్ను ఆ ప్రశ్న చాలాకాలం వదల్లేదు. జవాబు ఈ దేశపు చరిత్రలో దొరికింది.

రెండో ప్రపంచయుద్ధంలో బాంబులకు కూలిన ఊళ్లను మళ్లీ కట్టుకోవలసిన రోజుల్లో బ్రిటన్ పట్టణ, గ్రామీణ ప్రణాళికా చట్టం చేసుకుంది. 1947లో చేసిన ఆ చట్టం 1948 జూలై 1న అమల్లోకి వచ్చింది. నేల యజమానిదే. దాని మీద కొత్తగా ఏదైనా కట్టాలన్నా, దాని వాడకం మార్చాలన్నా అనుమతి తీసుకోవాలి. జనం తరఫున ఇచ్చే అనుమతి కనుక దరఖాస్తులను రిజిస్టరులో ఎక్కించి, అడిగినవాళ్లకు చూపించాలన్నారు.

రిజిస్టరు తెరిచారు గానీ, పొరుగువాడి మాటకు వెంటనే విలువ రాలేదు. మా ఎసెక్స్‌లోనే శాఫ్రన్ వాల్డెన్ దగ్గర సుద్ద తవ్వకానికి మంత్రి అనుమతి ఇచ్చాడు. దుమ్ముతో తన భూమి పాడవుతుందని పక్క భూస్వామి కోర్టుకెక్కాడు. ఆ అనుమతిని సవాలు చేసే హక్కు పొరుగువాడికి లేదని 1960లో హైకోర్టు తేల్చింది. తొమ్మిదేళ్ల తర్వాత, 1969లో, స్కెఫింగ్టన్ కమిటీ తన నివేదికలో ప్రణాళికలు తయారయ్యేటప్పుడే జనానికి చెప్పాలి, వాళ్ల మాట వినాలి అని సిఫారసు చేసింది. స్తంభానికి కట్టిన ఆ కాగితం వెనక ఇన్నేళ్ల పెనుగులాట ఉంది.

తర్వాత ఇంటర్నెట్ వచ్చింది. అప్పటిదాకా ఆ రిజిస్టరు చూడాలంటే కౌన్సిల్ ఆఫీసుకు వెళ్లి అడగాలి. ఇప్పుడు అదే కాగితాన్ని అర్ధరాత్రి ప్రపంచంలో ఏ మూల నుంచైనా తెరవొచ్చు. ఆ తేడా ఎంత ప్రమాదకరమో బాసిల్డన్‌లో బయటపడింది. 2015 జూలై 16న ఒక దరఖాస్తుకు మద్దతుగా అక్కడి కౌన్సిల్‌కు ఒక వివరణ పత్రం అందింది. ఎన్నో ఏళ్లుగా ఆ స్థలంలో ఉంటున్న సంచార జాతి కుటుంబం పేర్లు, వయసులు, వైకల్యాలు, మానసిక ఆరోగ్య సమస్యలు అందులో ఉన్నాయి. అనుభవం లేని ఉద్యోగి ఒకరు అవి గమనించలేదు. రెండోసారి చూసే ఏర్పాటూ లేదు. పత్రం అదే రోజు యథాతథంగా ఆన్‌లైన్‌కు ఎక్కి, సెప్టెంబరు 4 దాకా అలాగే ఉంది. 2017లో సమాచార కమిషనర్ ఆ కౌన్సిల్‌కు 1,50,000 పౌండ్ల జరిమానా వేశారు. మరుసటి ఏడాది మే 25న యూరోపియన్ యూనియన్ అంతటా వ్యక్తిగత సమాచార రక్షణకు జీడీపీఆర్ నిబంధనలు వచ్చి, కట్టుబాటు ఇంకా గట్టిపడింది.

ఆ కట్టుబాటు విలువ నాకు మా సొంత దరఖాస్తు అప్పుడు తెలిసింది. ఏటా వచ్చి ఉండే అమ్మ మోకాళ్లకు మెట్లు పడవు. కింద గది, స్నానాలగది కట్టుకోవాలని, ఆమె జబ్బుల చిట్టా అంతా రాసి పంపాను. కౌన్సిల్ నుంచి ఫోన్ వచ్చింది. ఆరోగ్యం సంగతులు విడిగా పంపండి, వాటిని బయటపెట్టం అన్నారు. మా నక్షా ఊరంతా చూసింది. అమ్మ మోకాళ్ల సంగతి అధికారి ఒక్కరే చదివారు. చాలా కౌన్సిళ్లు సంతకాలు, ఫోన్ నంబర్లు, ఈమెయిళ్లు చెరిపేసి పెడతాయి. అభ్యంతరం చెప్పేవాళ్లు మాత్రం సాధారణంగా పేరు, చిరునామాతోనే చెప్పాలి.

అప్పుడు మా తాత గుర్తొచ్చాడు. శంషాబాద్ విమానాశ్రయానికి 5,500 ఎకరాలకు దగ్గరగా భూమి పోయింది. 2008 మార్చిలో విమానాలు ఎగిరాయి. అంతకు ముందు భూసేకరణ ప్రకటన పేపర్లో పడిన రోజున తాత కళ్లద్దాలు పెట్టుకుని వరసలన్నీ వేలితో వెతికాడు. సర్వే నంబరు సరిపోయింది. ఎకరం 20 గుంటలకు బదులు ఎకరం 2 గుంటలని ఉంది. అభ్యంతరం పెట్టి సరిచేయించుకున్నాడు. ఆ జాబితా రహస్యమై ఉంటే 18 గుంటల పరిహారం పోయేది. కానీ అదే జాబితా పట్టుకుని బ్రోకర్లూ మా గడప తొక్కారు. ఇంట్లో ఎంతమంది, పెళ్లి కావలసినవాళ్లు ఎవరు అని ఆరా తీశారు.

మన దగ్గర కూడా చట్టం కదిలింది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. 2020లో వ్యవసాయేతర ఆస్తుల రిజిస్ట్రేషన్లకు ఆధార్, కులం వివరాలు అడగవద్దని తెలంగాణ హైకోర్టు ఆదేశించింది. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. నాకు సంతోషమే. కానీ అదే చట్టం సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత సమాచారానికి మినహాయింపునిచ్చే సెక్షన్ 8(1)(జె)ను మార్చింది. వ్యక్తిగత సమాచారమనే ఒక్క మాటతో అధికారి ఫైలు మూసేయడం దానితో తేలికైంది. అది నాకు భయం.

ఎందుకంటే మా శంషాబాద్ మండలంలో కట్టడం సొంత వ్యవహారం కాదు. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ చెరువుల నీళ్ల కోసం 1996లో తెచ్చిన 111 జీవో 84 గ్రామాల్లో కట్టడాలకు హద్దులు పెట్టింది. అందులో శంషాబాద్ మండలం ఊళ్లూ ఉన్నాయి. ఆ నేలలో లేఅవుట్‌కు ఎవరు దరఖాస్తు పెట్టారో, ఏ సర్వే నంబర్లో, ఎన్ని ఎకరాల్లోనో చెరువు నీళ్లు తాగే ప్రతి ఒక్కరికీ తెలియాలి. దరఖాస్తుదారు ఆధార్, ఫోన్ నంబరు, ఇంట్లోవాళ్ల జబ్బులు ఎవరికీ అక్కర్లేదు.

తాత ఆ పేపర్ ముక్కను పట్టా పాసుపుస్తకంలో మడిచి దాచాడు. అందులో ఉన్నవి పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం, అంతే. తన 18 గుంటలు తిరిగి తెచ్చుకోవడానికి ఆయనకు ఆ మూడే సరిపోయాయి.