అటక మీది కిన్నెర

ఆలంపూర్‌లో పొద్దు ఇంకా నెత్తికెక్కలేదు. నవబ్రహ్మ ఆలయాల నడుమ నడుస్తున్నారు మీరు. 7వ శతాబ్దంలో బాదామి చాళుక్యులు కట్టిన గుళ్లు ఇవి. స్వర్గబ్రహ్మ ఆలయం గోడల మీద గంధర్వ జంటలు గాలిలో తేలుతున్నాయి. గుడి ఆవరణ దాటి సందులోకి మళ్లితే ఒక పాత మిద్దె. మీరు వెతుకుతున్నది అక్కడుంది.

"పైలంగ దించు నాయనా" అంటోంది ఇంటి అవ్వ. అటక మీంచి పొడవాటి మూట మీ చేతుల్లోకి వస్తుంది. ఇంత పొడుగుండి ఇంత తేలికా అనిపిస్తుంది. పాత చీర పొరలు ఒక్కొక్కటే విప్పుతున్నారు. ముందు వెదురు దండె కనబడింది. దాని కింద ఎండిన సొరకాయ బుర్రలు, దండె మీద వరుసగా మెట్లు.

కిన్నెర!

"మా మామ వాయించేటోడు. ఆయన పోయినంక ఎవ్వరూ ముట్టలే" అంటుంది అవ్వ.

వాకిట్లో వెలుతురుకు పట్టి చూడండి. మెట్లను తేనెమైనంతో అతికించారు. వెనకటి కిన్నెరలకు అలుగు పొలుసులే మెట్లు, జంతువుల నరాలే తీగలు. వేళ్లు ఎక్కువగా ఆడిన చోట దండె నున్నగా మెరుస్తోంది. బుర్ర మీద గోటితో తట్టండి. ఖంగుమంది. పగులు లేదు.

ఈ బోలు బుర్రలు, గట్టి దండె చూస్తే ఒక గిటార్ గుర్తొస్తుంది. 1958లో అమెరికాలో గిబ్సన్ కంపెనీ ఈబీ-2 అనే బేస్ గిటార్ తెచ్చింది. పక్కలు బోలు, నడుమ గట్టి చెక్క దిమ్మ. అలాంటి పాత గిటార్ల కోసం సంగీతకారులు దేశాలు తిరుగుతారు. కిన్నెరలోనూ గట్టిదనం, బోలుతనం పని పంచుకుంటాయి. తీగల బిగువును దండె మోస్తుంది, నాదాన్ని బుర్రలు పెంచుతాయి. ఆలంపూర్ ఉన్న ఈ నడిగడ్డ ప్రాంతపు మిద్దెల్లో దొరికే కిన్నెరకు మాత్రం వెతికేవాళ్లే కరువు.

కబురందుకుని వాయించే పెద్దాయన వచ్చాడు. వదులైన పాత తీగ తీసి కొత్తది కట్టాడు. చెవి దగ్గర పెట్టుకుని బిగిస్తూ, ఒక్కో మెట్టూ నొక్కి చూస్తున్నాడు. "తీగ మార్చొచ్చు సారూ, బుర్ర మార్చొద్దు. నాదం దాంట్లనే ఉంది" అన్నాడు. మరుక్షణం పండుగ సాయన్న కథ ఎత్తుకున్నాడు. ఉన్నోళ్లను దోచి లేనోళ్లకు పంచిన పాలమూరు వీరుడి కథ అది. గొంతు ఆగిన చోట కిన్నెర అందుకుంటోంది. అవ్వ కొంగుతో కళ్లొత్తుకుంది. సందులో పిల్లలు గుమిగూడారు.

డక్కలి కులపు కళాకారుల చేతుల్లో ఈ వాద్యం ఊరూరా తిరిగింది. నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెరతో 2022లో పద్మశ్రీ అందుకున్నాక దేశమంతా దీని పేరు విన్నది. కానీ ఒక్క పురస్కారంతో వాద్యం బతకదు. కిన్నెర దొరకడం సగం పనే. దాన్ని పలికించే చెయ్యి, దానితో పాడే కథ కూడా దొరికితేనే పని పూర్తయినట్టు.

మీ ఇంటి అటక మీద ఇలాంటి మూట ఉంటే వార్నిష్ పూయకండి, గోడకు అలంకారంగా వేలాడదీయకండి. ముందు వాయించే మనిషిని పిలవండి. ఆయన పాడే కథను రికార్డు చేయండి. మీ పిల్లల్లో ఒకరినైనా ఆయన పక్కన కూర్చోబెట్టండి.