రివాల్వరు: అసలు, నకలు

1830వ సంవత్సరము ఆగస్టు నెలలో అమెరికాలోని బోస్టన్ రేవునుండి ‘కార్వో’ అను ఓడ కలకత్తాకు బయలుదేరినది. అందు పనివాడుగా చేరిన పదునారేండ్ల బాలుని పేరు సామ్యూల్ కోల్ట్. ఆ ప్రయాణములోనే అతడు కొయ్యతో ఒక చిన్న తుపాకి నమూనాను చెక్కినాడని ప్రతీతి. ఓడ చుక్కాని చక్రమును ఎంత త్రిప్పినను దాని ఆకులలో ఏదో ఒకటి కొక్కెమునకు ఎదురుగా వచ్చి ఆగుట చూచి అతనికి ఆ ఊహ కలిగినదని చెప్పుదురు. కథలోని వివరములు ఎట్లున్నను ఒక విషయము గమనింపదగినది. లోకమందు లక్షల కొలది తయారైన కోల్ట్ రివాల్వరుకు తొలి రూపము పేలని కొయ్యబొమ్మ. ఇక్కడ నకలు ముందు పుట్టినది, అసలు తరువాత పుట్టినది.

నేడు రివాల్వరులకు రెండు విధముల అభిమానులున్నారు. పాతవానిని వెదకి సేకరించువారు కొందరు. చలనచిత్రముల కొరకు అచ్చముగా వానివలెనే కనిపించు నకళ్ళను చేయువారు మరికొందరు. అసలును నకలునుండి వేరుచేయుట మొదటివారి పని. ఆ రెంటికి భేదము కనిపించకుండ చేయుట రెండవవారి పని. ఈ రెండు పనుల వెనుక పందొమ్మిదవ శతాబ్దపు యంత్రవిద్య చరిత్ర యున్నది.

తిరుగు దిమ్మ

పూర్వపు పిస్తోలు ఒక్కసారి మాత్రమే పేలెడిది. మరల మందు పోసి, గుండు దిగగొట్టి, పేల్చుటకు సిద్ధము చేయుసరికి చాల కాలము పట్టెడిది. అనేక గదులున్న ఒక దిమ్మను గొట్టము వెనుక అమర్చి త్రిప్పినచో ఈ చిక్కు తీరునని కోల్ట్ కంటె ముందే పలువురు తలచిరి. ఎలీషా కాలియర్ అను అమెరికనుకు 1818లో ఇంగ్లండులో అట్టి తుపాకికి పేటెంటు లభించినది. కాని అది చెకుముకి రాతితో నిప్పు పుట్టించునది. ప్రతి గదికి నిప్పు అందించుట అందు కష్టము.

తరువాత రాగి టోపీ వచ్చినది. దెబ్బ తగిలిన మాత్రమున మండు రసాయనమును చిన్న రాగి గిన్నెలో ఉంచి, ఒక్కొక్క గది వెనుక ఒక్కొక్క టోపీని తొడుగవచ్చును. కోల్ట్ ఈ టోపీలకు తన యుక్తిని జతపరచినాడు. టోపీని కొట్టు సుత్తిని తుపాకి ‘గుర్రము’ అందురు. ఆ గుర్రమును బొటనవ్రేలితో వెనుకకు లాగినపుడు, దానికి తగిలించిన చిన్న కొక్కెము దిమ్మ వెనుకనున్న పండ్ల చక్రమును ఒక పన్ను మేర నెట్టును. అప్పుడు ఒక గది సరిగా గొట్టమునకు ఎదురుగా వచ్చును. వెంటనే క్రిందినుండి ఒక గడియ లేచి దిమ్మను కదలకుండ పట్టును. ఒక్క కదలికలో ఇన్ని పనులు జరుగుట ఇందలి విశేషము. దీనికి అమెరికా పేటెంటు 1836 ఫిబ్రవరి 25న లభించినది.

పేటెంటు లభించినను లాభము లభింపలేదు. న్యూజెర్సీ రాష్ట్రములోని ప్యాటర్సన్ పట్టణమున పెట్టిన కర్మాగారము 1842లో మూతపడినది. 1847 జనవరిలో టెక్సస్ దళపతి సామ్యూల్ వాకర్ సూచనలతో అమెరికా సైన్యమునకు 1,000 రివాల్వరులు కావలసివచ్చినవి. కోల్ట్‌కు అప్పుడు సొంత కర్మాగారము లేదు. ఎలీ విట్నీ కుమారుని కర్మాగారములో వానిని చేయించినాడు. సుమారు రెండు కిలోల బరువుగల ఈ ‘వాకర్’ రివాల్వరులు మొత్తము 1,100 మాత్రమే తయారైనవి. మందు ఎక్కువ పట్టుటచేత కొన్నిటి దిమ్మలు పగిలిపోయినవి. అందుచేత నేడు మిగిలియున్నవి స్వల్పము.

యంత్రము చేసినది, ఆకురాయి దిద్దినది

1851లో లండను నగరములో జరిగిన మహాప్రదర్శనమునకు కోల్ట్ తన రివాల్వరులను తెచ్చినాడు. యంత్రములతో ఒకే కొలతకు భాగములను చేయు అమెరికా పద్ధతిని చూచి ఇంగ్లీషు ఇంజనీర్లు ఆశ్చర్యపడిరి. 1853లో థేమ్స్ నది ఒడ్డున కోల్ట్ తన కర్మాగారము నెలకొల్పినాడు. అది 1856 వరకే నడచినది. అయినను దాని ప్రభావము నిలిచినది. బ్రిటిషు ప్రభుత్వము తన ఎన్‌ఫీల్డ్ ఆయుధశాలకు అమెరికా యంత్రములను తెప్పించుకొన్నది.

ఒక తుపాకి భాగము మరియొక తుపాకికి సరిపోవునట్లు చేయుటను పరస్పర వినిమయము అందురు. నేటి కుట్టుమిషను, సైకిలు, మోటారు పరిశ్రమలన్నిటికి ఇదియే పునాది. కోల్ట్ రివాల్వరులు ఇట్టివేయని చాలమంది నమ్మిరి. కాని పరిశ్రమల చరిత్రకారులు పరిశీలించి తేల్చిన సత్యము వేరు. యంత్రము నుండి వచ్చిన భాగములు దాదాపు సరిపోయెడివి, పూర్తిగా సరిపోయెడివి కావు. పనివాడు ఆకురాయితో రాచి, ఒకదానికొకటి ఇమిడ్చి, ఒక తుపాకిగా కూర్చెడివాడు. ఆ భాగములను గట్టిపరచుటకు కొలిమిలో పెట్టవలసియున్నది గదా! అక్కడ అవి కలిసిపోకుండ ఒక్కొక్క తుపాకి భాగములన్నిటిపై ఒకే వరుస సంఖ్యను ముద్రించెడివారు. కొలిమినుండి వచ్చిన పిమ్మట ఆ సంఖ్యనుబట్టి మరల వానిని జతపరచెడివారు.

అనగా ఆ సంఖ్యలు యంత్రముల లోపమునకు సాక్ష్యములు. అన్ని భాగములు నిజముగా ఒక్కటే అయియున్నచో అన్నిటిపై సంఖ్య వేయవలసిన అగత్యమే లేకపోవును. ఆనాటి ఆ లోపమే నేడు సేకరించువారికి పెన్నిధి యైనది.

సేకరించువారి పరీక్ష

పాత రివాల్వరు చేతికి రాగానే ఎరిగినవారు మొదట చూచునవి ఆ సంఖ్యలే. గొట్టముపైన, చట్రముపైన, దిమ్మపైన, పిడి పట్టీలపైన ఒకే సంఖ్య యున్నదా? దిమ్మ సంఖ్య వేరైనచో అది మరియొక తుపాకినుండి తెచ్చి అతికినదని అర్థము. అట్టి దాని విలువ చాల తగ్గును.

రెండవది దిమ్మపై చిత్రము. 1851 నాటి ‘నేవీ’ నమూనా దిమ్మపై ఓడల యుద్ధము చెక్కియుండును. 1843 మే 16న టెక్సస్, మెక్సికో నౌకలకు జరిగిన పోరాటమది. నోట్లకు అచ్చులు చెక్కుటలో పేరుగన్న ఆర్మ్స్‌బీ అను శిల్పి దీనిని ఉక్కు అచ్చుపై చెక్కినాడు. ఆ అచ్చును దిమ్మపై గట్టిగా ఒత్తుచు దొర్లించినచో చిత్రము పడును. అంత సూక్ష్మమైన చిత్రమును అనుకరించుట సులభము కాదు. ఈ నమూనా అమెరికాలో రెండు లక్షలకు పైగా, లండనులో 40,000కు పైగా తయారైనది.

మూడవది లోహము. ఆనాటి చేత ఇనుమును కొలిమిలో కాచి సమ్మెటతో సాగగొట్టెడివారు. దానిలో కిట్టము సన్నని నారలవలె మిగిలియుండును. నేటి ఉక్కులో అట్టి నారలు కనబడవు. నాలుగవది రంగు. కోల్ట్ తుపాకుల నీలి నిగనిగ ఇనుముపై పలుచగా ఏర్పడిన ఆక్సైడు పొర. నాటి పనివారు బొగ్గుతో కూడిన కొలిమిలో లోహమును వేడిచేసి దానిని సాధించిరి. నేటి కర్మాగారములలో పెక్కు క్షార లవణముల ద్రావణమున ముంచి తెచ్చునది వేరొక విధమైన నలుపు. కంటికి రెండును నీలమే, కాని పరిచయమున్నవారు భేదము పోల్చగలరు.

ఇంత పరీక్ష ఎందుకనగా ఇందు ధనమున్నది. డబ్బాతో సహా భద్రముగానున్న ఒక వాకర్ రివాల్వరు 2018లో అమెరికా వేలములో 18,40,000 డాలర్లకు అమ్ముడుపోయినది. ధనమున్నచోట మోసమునకును తావుండును.

ఇటలీ నకళ్ళు

1950 తరువాత అమెరికాలో గోవుల కాపరుల కథలు టెలివిజనులో విపరీతముగా ప్రచారము పొందినవి. వానిలో ప్రతి వీరుని నడుమున వ్రేలాడునది 1873 నాటి కోల్ట్ ‘సింగిల్ యాక్షన్ ఆర్మీ’ రివాల్వరు. రమారమి 3,57,000 తుపాకులు చేసి, రెండవ ప్రపంచయుద్ధ కాలమున కోల్ట్ సంస్థ దాని తయారీ మానివేసినది. జనులు కోరుచుండుటచేత 1956లో తిరిగి ప్రారంభించినది. ఒక పాత యంత్రమును వినోద కథలు బ్రతికించిన అరుదైన సందర్భమిది.

అంతర్యుద్ధపు శతవార్షికోత్సవములు 1961లో మొదలు కానున్నవి. ఆ యుద్ధమును తిరిగి అభినయించువారికి మందు, గుండు విడిగా నింపు పాత నమూనాలు కావలసివచ్చినవి. అప్పుడు అమెరికా వ్యాపారులు ఇటలీ ఉత్తర భాగములోని గార్డోనే వాల్ ట్రాంపియా అను లోయ పట్టణము వైపు చూచిరి. 1526 నాటికే వెనీసుకు తుపాకి గొట్టములు అందించిన బెరెట్టా వంశము ఆ ఊరిదే. 1959లో అల్డో ఉబెర్టి అక్కడ తన కార్ఖానాను స్థాపించినాడు. కోల్ట్ నేవీ నకళ్ళు అక్కడినుండి సముద్రము దాటినవి.

ఈ నకళ్ళలో దాపరికము లేదు. ఇటలీ చట్టము ప్రకారము ప్రతి తుపాకిని పరీక్షాశాలలో పేల్చి చూచి, దానిపై ముద్రయు, ఆ సంవత్సరమును తెలుపు సంకేతమును వేయుదురు. మరల మోసగాండ్రు ఆ ముద్రను ఆకురాయితో రాచివేసి, ఆమ్లముతో తుప్పు పట్టించి, పాతదని అమ్మజూతురు. అప్పుడును దొరికిపోవు మార్గమున్నది. ఇటలీ మరల చుట్లు మిల్లీమీటర్ల కొలతలో ఉండును. కోల్ట్ కాలపు అమెరికా మరలు అంగుళముల కొలతవి. చిన్న మర యొక్కటి విప్పినచో బండారము బయటపడును.

వెండితెర తుపాకి

1903లో ఎడ్విన్ పోర్టర్ తీసిన ‘ది గ్రేట్ ట్రెయిన్ రాబరీ’ చిత్రములో ఒక దొంగ ప్రేక్షకుల వైపే తిరిగి రివాల్వరు పేల్చును. నాటినుండి వెండితెరకు తుపాకి విడువరాని వస్తువైనది. గుండు లేక మందు మాత్రమే గల తూటాను వట్టి తూటా అందుము. మూడు విధముల రివాల్వరులు, రెండు విధముల రైఫిళ్ళు, మొత్తము ఐదింటిలో పేలు ఒకే వట్టి తూటాను హాలీవుడ్ వారు రూపొందించి దానికి ‘ఐదింటికి ఒకటి’ అని పేరు పెట్టిరి.

సినిమాలో చరిత్ర తప్పులును దొర్లును. 1966 నాటి ‘ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ’ కథ 1862లో జరుగును. అందు నాయకుని చేతిలోనిది లోహపు తూటాలు పట్టునట్లు మార్చిన నేవీ రివాల్వరు. వెనుకనుండి తూటా దూర్చు దిమ్మపై రోలిన్ వైట్ పొందిన పేటెంటు 1869 వరకు అమలులో నుండినది. కోల్ట్ సంస్థ అట్టి మార్పులు చేసినది ఆ తరువాతనే. అనగా నాయకుడు పుట్టని తుపాకిని పేల్చినాడు! ఇట్టి చిత్రముల ఒరవడిలో 1971లో కె.ఎస్.ఆర్.దాస్ దర్శకత్వమున కృష్ణ నటించిన ‘మోసగాళ్ళకు మోసగాడు’ తెలుగువారికి మొదటి కౌబాయ్ చిత్రమైనది.

సినిమా నకళ్ళు మూడు తరగతులు. దూరముగా కనబడునవి, క్రింద పడునవి రబ్బరుతో పోసినవి. చేతిలో మెరయవలసినవి లోహముతో చేసి, లోపలి గొట్టము మూసివేసినవి. పొగ, మంట కావలసినప్పుడు వట్టి తూటాలు నింపిన నిజమైన తుపాకులు. మొదటి రెంటిలో ప్రమాదము లేదు. మూడవది అట్టిది కాదు.

ప్రాణము తీసిన పోలిక

వట్టి తూటాలో గుండు లేకున్నను మందు నిజమైనదే. దాని వేడి వాయువు గొట్టము మూతినుండి మహావేగముతో వెలువడును. 1984లో జాన్ ఎరిక్ హెక్సమ్ అను యువనటుడు అట్టి తుపాకిని దగ్గరగా పెట్టుకొని పరిహాసమాడి ప్రాణము కోల్పోయినాడు. 1993 మార్చి 31న బ్రాండన్ లీ మరణమునకు కారణము మరింత సూక్ష్మమైనది. మొదట ఒక దృశ్యమునకు మందు తీసివేసి గుండు మాత్రము ఉంచిన బొమ్మ తూటాలు వాడిరి. ఒకదానిలో అడుగున ఉండు రసాయనపు బిళ్ళ మిగిలిపోయినది. అది పేలి గుండును గొట్టములోనికి నెట్టినది. గుండు అక్కడ ఇరుక్కొన్నది. ఎవరును గొట్టములోనికి చూడలేదు. తరువాత అదే తుపాకిలో వట్టి తూటా పెట్టి పేల్చగా, ఇరుక్కొన్న గుండు నిజమైన గుండువలెనే బయటికి దూసుకొనివచ్చినది. హానిలేని రెండు సగములు కలిసి ఒక పూర్తి తూటా అయినవి.

2021 అక్టోబరు 21న న్యూమెక్సికోలో ‘రస్ట్’ చిత్రపు అభ్యాస సమయమున ఇటలీలో తయారైన 1873 నమూనా నకలు ఒకటి పేలినది. ఛాయాగ్రాహకురాలు హలీనా హచిన్స్ మరణించినది. దర్శకుడు గాయపడినాడు. బొమ్మ తూటాల నడుమ నిజమైన తూటా చేరియుండుట కారణము. ఆయుధముల బాధ్యత వహించిన ఉద్యోగినిని 2024 మార్చిలో న్యాయస్థానము దోషిగా నిర్ణయించినది. ఆ తుపాకి కాలమున నకలే గాని, పనిలో అసలే.

జపాను దేశము ఈ సత్యమును చట్టమున చేర్చినది. 1971 నాటి సవరణ ప్రకారము లోహముతో చేసిన నమూనా పిస్తోలుకు తెలుపో పసుపో రంగు వేయవలెను, గొట్టము మూసివేయవలెను. చూడగానే ఇది నకలు అని తెలియవలెనని ఉద్దేశము. అమెరికా 1988లో చేసిన చట్టము బొమ్మ తుపాకి మూతికి నారింజరంగు గుర్తు పెట్టుమన్నది. మన దేశములో 1959 నాటి ఆయుధ చట్టము ప్రకారము తుపాకి కలిగియుండుటకు అనుమతి పత్రము తప్పనిసరి. నేడు చిత్రములలో తుపాకి మంటను కంప్యూటరుతో చిత్రించు పద్ధతి ఉన్నది. దానితో వట్టి తూటా అవసరమే ఉండదు.

సేకరించువాడు సంఖ్యలను, మరలను, ముద్రలను చూచి ‘ఇది ఏది?’ అని అడుగును. చలనచిత్రశాలలో తుపాకి చేతికి తీసికొను ప్రతివాడును అదే ప్రశ్న అడుగవలెను. మొదటివాడు పొరబడినచో ధనము పోవును. రెండవవాడు పొరబడినచో మనిషి పోవును. సామ్యూల్ కోల్ట్ ఓడపై చెక్కినదని చెప్పబడు ఆ కొయ్య తుపాకి ఎవరిని చూపి ఎక్కుపెట్టినను ఎవరికిని హాని జరుగలేదు. రంగస్థలముపై ఉండవలసిన తుపాకి అట్టిది.